రాయపూర్‌లో ఒక సింగిలీకం

మా నాన్నగారు నలభై ఏళ్ళు సింగిలీక లేహ్యం చేశారు. సింగిలీకాన్ని మాత్రం ఒక్కసారీ చూడలేదు.

విజయనగరంలో ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ లేహ్యం పేరు తెలియకుండా ఉండదు. దక్షిణాది కొండల అంచున ఒక వైద్యుడున్నాడు. తాతల కాలంలో అటు వెళ్ళి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఆయన ఏడాదికోసారి నల్లటి ఎండు ముక్కలు తాటాకు బుట్టలో కట్టి పంపేవాడు. వాటిని కల్వంలో వేసి నూరడం చిన్నప్పుడు నా పని. ఏమిటివి అని అడిగితే నాన్నగారు "మందు" అని ఊరుకునేవారు. అది కోతి మాంసమని తెలిసేసరికి నాకు పెళ్ళీడు వచ్చింది. మన ఇళ్ళ మీద గెంతే కోతి కాదు. ఒళ్ళంతా కాటుక నలుపు, మొహం చుట్టూ వెండి జూలు, తోక చివర సింహానికున్నట్టు కుచ్చు. ఆ కొండల్లో విడవకుండా వానలు కురిసే అడవుల్లో తప్ప మరెక్కడా ఉండదట.

ఏళ్ళు గడిచేకొద్దీ బుట్ట చిన్నదవుతూ వచ్చింది. ఆ వైద్యుడి ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని. వేటగాళ్ళు రెండు రోజులు నడిస్తే గాని ఒక గుంపు కనబడడం లేదని ఒకసారి రాశాడు. మరొకసారి, కొండలకు కొండలే నరికి తేయాకు తోటలు వేస్తున్నారనీ, నేల మీద అడుగు పెట్టడానికి ఇష్టపడని జంతువు చెట్టు నుంచి చెట్టుకు దారి లేక ఉన్నచోటనే చిక్కుపడిపోతోందనీ రాశాడు. పిల్లల్ని పట్టి సంతల్లో అమ్మేవాళ్ళూ తయారయ్యారు. పిల్లను పట్టాలంటే ముందు తల్లిని చంపాలి. తల్లి కొన్నేళ్ళకు ఒక్క పిల్లను కంటుంది. చంపినంత వేగంగా పుట్టవు కదా. చివరికి బుట్ట రావడమే మానేసింది. ఆ చలికాలమే మా నాన్నగారికి ఉబ్బసం పట్టుకుంది.

అటువంటి సమయంలో నాన్నగారి దగ్గర మందు పుచ్చుకునే రైల్వే గార్డు ఒకాయన, రాయపూర్‌లో అప్పలస్వామి అనే ఇంజను డ్రైవరు ఇంట్లో అచ్చం అలాంటి కోతి ఉందని చెప్పాడు. అప్పలస్వామి బొబ్బిలి వైపు పల్లెవాడు. మాఘమాసం వెళ్ళాక రిటైరై ఊరికి వచ్చేస్తాడు. కోతిని మంచివాళ్ళ చేతిలో పెట్టాలని చూస్తున్నాడు. నాన్నగారు ఆ పూటే నా చేత ఉత్తరం రాయించారు. మాకు ఇవ్వండి అన్నారు గాని ఎందుకో రాయించలేదు. "ఎందుకో కూడా రాయనా నాన్నగారూ?" అని అడిగాను. "అడిగితే చెబుదాం" అన్నారు. వారంలో జవాబు వచ్చింది. వైద్యులుగారి దగ్గరుంటే మావాడికి లోటుండదని మా ఇంటిది సంబరపడుతున్నాది, తప్పక రావలెను అని.

ఖాళీ బోను

ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, డిసెంబరులో, నేను పాఠాలు చెప్పే ఆడపిల్లల బడికి సెలవులిచ్చారు. పిల్లల్ని మా వారికి అప్పగించి, నాన్నగారితో రాయపూర్ పాసింజరు ఎక్కాను. ఒక ట్రంకు, పరుపుచుట్ట, మందుల పెట్టె, కమ్మరి చేత కొత్తగా చేయించిన ఇనపచువ్వల బోను. ఇదీ మా సామాను.

ఆ బోను పుణ్యమా అని రైలుపెట్టెలో అందరూ మాకు చుట్టాలైపోయారు. చిలకలకా అని ఒకరు అడిగారు. నెమలికా అని మరొకరు. నాన్నగారు ఎవరు అడిగినా "ఒక రోగి కోసం" అని చెప్పేవారు. ఆ రోగి తానేనని చెప్పేవారు కాదు.

పార్వతీపురంలో ఒక రైతు, కాళ్ళు కట్టిన రెండు కోడిపెట్టలతో ఎక్కాడు. జనం కాళ్ళ కింద అవి నలిగిపోతున్నాయి. రాయగడ దాకా బోనులో పెట్టుకోనివ్వమని అడిగితే నాన్నగారు సరేనన్నారు. రాయగడలో దించుకునేసరికి బోనులో ఒక గుడ్డు ఉంది. బోను మీది కాబట్టి గుడ్డూ మీదేనని తీర్పు చెప్పి, ఆ రైతు దాన్ని మా ట్రంకు మీద పెట్టి దిగిపోయాడు. వెనక్కి తీసుకోమని నాన్నగారు కిటికీలోంచి ఎంత పిలిచినా తిరిగి చూడలేదు. చేసేది లేక ఆ గుడ్డును కండువా కొంగున కట్టుకుని రాయపూర్ దాకా పసిపిల్లలా మోశారు.

రాయగడ దాటితే కొండలు, గుగ్గిలం చెట్ల అడవులు. స్టేషన్లలో తెలుగు తగ్గి ఒరియా వచ్చింది. టిట్లాగఢ్ దాటాక ఒరియా తగ్గి హిందీ వచ్చింది. టీ మట్టి ముంతల్లో ఇస్తున్నారు. తాగి ముంత పారేయాలట. ఒక అణా టీకి ఒక ముంత పగలగొట్టడం నాకు మనసొప్పక, కడిగి ట్రంకులో దాచుకున్నాను. అలా మూడు ముంతలు దాచేసరికి, ఎదురు బల్ల మీది ఒరియా ముసలావిడ చూసి నవ్వి, తన ముంత కూడా కడిగి నా చేతికిచ్చింది.

చలి పెరిగాక నాన్నగారికి ఎగశ్వాస మొదలైంది. కిటికీ ఊచ పట్టుకుని, భుజాలు పైకి లేపి, ఒక్కొక్క ఊపిరీ బావిలోంచి చేదుతున్నట్టు కూర్చున్నారు. నేను వీపు రాస్తూ ఆ బోను వంక చూశాను. ఆ ఒక్కటీ దొరికితే చాలు దేవుడా అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆ గంటలో నాకు కోతి మీద జాలి లేదు.

గుఢియారీలో తెలుగు వరస

రాయపూర్ స్టేషనుకు అప్పలస్వామి ఎదురొచ్చాడు. బొగ్గు నలుపు వదలని చేతులు, పెద్ద మీసం, పొట్టి మనిషి. నాన్నగారి చేతిలోని గుడ్డు మూట తాను అందుకున్నాడు, నా చేతిలోని ట్రంకు తాను లాక్కున్నాడు. పట్టాలు దాటి గుఢియారీ వైపు నడిచాం. క్వార్టర్ల వరసలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. ఒక గుమ్మంలో బొబ్బిలి మాట, పక్క గుమ్మంలో పాలకొండ మాట, రెండింటి మీదా హిందీ తాలింపు. ఒకావిడ తన కొడుకును "జల్దీ రారా, ఇస్కూలుకి దేర్ అయిపోతన్నాది" అని కేకేస్తోంది. అది తెలుగేనని నాన్నగారికి రెండోసారి వింటే గాని తెలియలేదు.

దారిలో ఫలహారానికి ఆగాం. ఆకుదొన్నెలో తాలింపు వేసిన అటుకులు, వాటి మీదనే వేడి జిలేబీ. మన విస్తట్లో తీపి ఒక మూల, కారం ఒక మూల ఉంటాయి. ఇక్కడ రెండింటికీ ఒకే మంచం. నాన్నగారు మొదట జిలేబీని వేలితో పక్కకు తోశారు. రెండో దొన్నెలో తోయలేదు.

నల్లయ్య

అప్పలస్వామి భార్య సన్యాసమ్మ గుమ్మంలోనే కాళ్ళకు నీళ్ళిచ్చింది. బోనును ఒక్కసారి చూసి, కొంచెం ఇరుకుగా ఉందేమో అంది. లోపల కుంపటి పక్కన, పాత రైల్వే కంబళి కత్తిరించి కుట్టిన కోటు తొడుక్కుని, గోడకు ఆనుకుని ఎవరో ముసలాయన కూర్చున్నట్టు కనిపించింది. తల తిప్పాడు. నల్లటి సన్నని మొహం, చుట్టూ దువ్విన వెండి జూలు, తేనెరంగు కళ్ళు. కోటు కింద నుంచి తోక, దాని చివర కుచ్చు.

నాన్నగారు గడప దగ్గరే నిలబడిపోయారు. నలభై ఏళ్ళుగా బుట్టలో ముక్కలుగా వచ్చినవాడు అక్కడ కూర్చుని చూస్తున్నాడు.

"ఈడు నల్లయ్య," అంది సన్యాసమ్మ. "వారం నుంచి బాగుణ్ణేదు బాబూ. బుఖారు. ఒళ్ళు కాలిపోతన్నాది, దగ్గుతన్నాడు. సెనగలంటే పేణం పెట్టీసీవోడు, ఇప్పుడు ముట్టడం నేదు. మీరొస్తన్నారని తెలిసి నిబ్బరించుకున్నాను. ఇక్కడ రైల్వే డాక్టరు బాబు అయితే మనిషికే మందిస్తానన్నాడు."

నల్లయ్య ఆ మాటలు విని అర్థం చేసుకున్నట్టు దగ్గాడు. పొడి దగ్గు కాదు. లోపల కఫం గరగరలాడుతోంది. ఆ చప్పుడు రాత్రంతా నేను రైల్లో విన్న చప్పుడే.

తర్వాత జరిగింది నాన్నగారు ఆలోచించి చేశారనుకోను. రోగం చప్పుడు వింటే ఆయన చేతులు వాటంతటవే కదులుతాయి. చెప్పులు విడిచి, కుంపటి దగ్గర చతికిలబడి, అరచేతులు కాచుకుని, నల్లయ్య కుడిచేయి తీసుకున్నారు. నల్లయ్య ఇచ్చాడు. నల్లటి చేయి, పొడుగు వేళ్ళు, గోళ్ళు మనవే. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి నాన్నగారు కళ్ళు మూసుకున్నారు. చాలాసేపటికి కళ్ళు తెరిచి, ఎవరితోనూ కాకుండా, "కఫం బాగా పట్టేసింది. నాడి పారిపోతోంది. ఈ చలి వీడికి పడదు" అన్నారు. నా వైపు తిరిగి, "అమ్మాయీ, పెట్టె విప్పు. పిప్పళ్ళు తీయి" అన్నారు.

పిప్పళ్ళు నూరుతూ ఉంటే సన్యాసమ్మ వాడు దొరికిన కథ చెప్పింది. వాళ్ళకు పిల్లలు లేరు. ఎనిమిదేళ్ళ కిందట రైల్వే పాసు మీద రామేశ్వరం వెళ్ళి, అటునుంచి ఇంకా దక్షిణానికి పోయారట. కొండ కింద ఒక చిన్న స్టేషనులో బండి ఆగితే, ప్లాట్‌ఫారం మీద ఒకడు నల్లటి ఎండు ముక్కలూ, సీసాల్లో లేహ్యమూ పెట్టుకుని అమ్ముతున్నాడు. పక్కన ఆరబెట్టిన నల్ల చర్మం ఒకటి ఉంది. ఆ చర్మాన్ని కరుచుకుని గుప్పెడంత పిల్ల. ఎవరు విడదీసినా మళ్ళీ పాక్కుంటూ దాని మీదకే పోతోంది. సన్యాసమ్మ అది చూసి బండి దిగేసింది. ఆ పిల్లను కొంటే చర్మం కూడా ఇచ్చాడట, లేకపోతే బతకదని. ఆరు నెలలు ఆ చర్మం మీదే పడుకోబెట్టిందట.

నా చేతిలో పొత్రం ఆగిపోయింది. ఆ ముక్కలు ఎలా ఉంటాయో, నూరితే ఏ వాసన వస్తుందో నాకు తెలుసు. నాన్నగారు తల ఎత్తలేదు. "తేనె ఉందా అమ్మా?" అని మాత్రం అడిగారు.

సుఖియా బుట్ట

నాన్నగారికి పచ్చి అడ్డసరం ఆకు కావలసి వచ్చింది. ఆ ఊళ్ళో దాన్ని ఏమంటారో ఎవరికీ తెలియదు. మర్నాడు పొద్దున్నే నేనూ ఆయనా గుఢియారీ బజారుకు బయలుదేరాం.

బజారు చివర సుఖియా అనే ముసలామె ఆకులూ వేళ్ళూ పరుచుకుని కూర్చుంది. చేతుల నిండా పచ్చబొట్లు, కాళ్ళకు బరువైన వెండి కడియాలు. ఆమెకు ఛత్తీస్‌గఢీ తప్ప రాదు. నాన్నగారికి తెలుగు, సంస్కృతం తప్ప రావు. నాకొచ్చిన హిందీ బడి పుస్తకంలోది. నేను మాట్లాడితే ఆమె మర్యాదగా విని మళ్ళీ నాన్నగారి వంకే తిరిగేది. నాన్నగారు దగ్గి చూపించారు, గుండె మీద చెయ్యి పెట్టారు, ఆకు ఇంత పొడుగని చూపించారు. ఆమె బుట్ట అడుగు నుంచి ఒక రెమ్మ లాగి "అడూసా" అంది. నాన్నగారు ఒక ఆకు నమిలి, చేదుకు మొహం చిట్లించి, ఆనందంగా తల ఊపారు.

అక్కడితో వదిలితే బాగుండేది. ఆమె మరో వేరు తీసి ఆయనకు పరీక్ష పెట్టింది. ఆయన వాసన చూసి పేరు చెప్పారు. ఆయన మందుల సంచిలోంచి కరక్కాయ తీసి ఆమెకు పరీక్ష పెట్టారు. ఆమె "హర్రా" అని నవ్వింది. అలా గంటసేపు ఇద్దరూ బజారు మధ్యన పోటీ పడ్డారు. చుట్టూ జనం చేరారు. జామకాయ చూపించి నాన్నగారు "జామ" అంటే ఆమె "జామ్" అంది. ఇన్ని మైళ్ళు దాటి వచ్చాక ఒకే మాట దొరికేసరికి ఇద్దరూ చిన్నపిల్లల్లా ఆ మాటే పదిసార్లు అనుకున్నారు. మందు ఎవరికని ఆమె అడిగింది. నా పుస్తకం హిందీలో కోతికి అన్నాను. "బెందరా?" అని ఆమె నోరు తెరిచింది. ఇంకో గుప్పెడు ఆకు వేసి, దానికి డబ్బు పుచ్చుకోలేదు.

అడ్డసరం రసం, తేనె, పిప్పలిపొడి కలిపి పూటకు రెండుసార్లు. ఛాతీకి కర్పూరం వేసి కాచిన ఆవనూనె. మొదటి రోజు నల్లయ్య మందు నాన్నగారి మొహాన ఉమ్మాడు. రెండో రోజు తేనె నాకి మిగతాది ఉమ్మాడు. మూడో రోజు మింగి, ప్రతిఫలంగా ఆయన కళ్ళద్దాలు లాక్కుని తాను పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అప్పలస్వామి ఇంజను కూత దూరాన వినబడగానే లేచి కిటికీ దగ్గరకు నడిచాడు. సన్యాసమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మర్నాటికి వాడు రెండు బుగ్గల నిండా శనగలు కుక్కుకుని, గవదలు వాచినట్టు మొహం పెట్టి కూర్చున్నాడు. ఈలోగా వైద్యులుగారొచ్చారని తెలిసి, వరసలో తెలుగువాళ్ళంతా మోకాళ్ళ నొప్పులూ పిల్లల దగ్గులూ పట్టుకుని గుమ్మంలో చేరారు. నాన్నగారు ఒక చేత్తో మనుషుల నాడి చూస్తూ రెండో చెయ్యి నల్లయ్యకు ఇచ్చేవారు. ఆయన తనకు ఆయాసం ఉన్న సంగతే మరిచిపోయినట్టున్నారు.

చెప్పవలసిన మాట

అయిదో రోజు మధ్యాహ్నం సన్యాసమ్మ తన పాత చీర నాలుగు మడతలు వేసి బోనులో పరిచింది. వాడి పళ్ళెం, కోటు, గుడ్డబొమ్మ ఒక మూట కట్టి మా ట్రంకు పక్కన పెట్టింది. వాడికి ఏ పూట ఏం పెట్టాలో నాకు చెబుతోంది. మీ తోటలో పెద్ద చెట్లున్నాయా అని అడిగింది. మాకు తోట లేదు. నేను నాన్నగారి వంక చూశాను.

"అమ్మా," అన్నారు నాన్నగారు. "నేను వీణ్ణి పెంచుకుందామని రాలేదు. లేహ్యం కోసం వచ్చేను."

"ఏ లేహ్యం బాబూ? ఈడికి ఎయ్యడానికా?"

"వీడితో చెయ్యడానికి. నాకు ఉబ్బసం. నువ్వు ఆ స్టేషన్లో చూసేవే, సీసాలు, అదే మందు. నలభై ఏళ్ళు చేసేను."

"నూరింది నేను," అన్నాను.

సన్యాసమ్మ బోనులోంచి చీర మెల్లగా తీసి, మడత విప్పి, నల్లయ్య చుట్టూ కప్పింది. వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. "మరి మందెందుకేసినారు?" అని అడిగింది.

"నాడి చూసేనమ్మా. చెయ్యి పట్టుకుని నాడి చూసిన తరవాత వాడు నాకు రోగి. రోగిని నూరుకు తిన్నవాడు వైద్యుడవుతాడా?"

ఆవిడ లేచి వెళ్ళి మాకు విస్తళ్ళు వేసింది. ఆ పూట మారు వడ్డించడం కూడా మానలేదు.

అప్పలస్వామి డ్యూటీ నుంచి వచ్చాక వెనక వసారాలో భార్య చెప్పింది. అతను చుట్ట వెలిగించుకుని పట్టాల వైపు వెళ్ళిపోయాడు. చుట్ట అయ్యేదాకా మేం ట్రంకు పక్కన నిలబడే ఉన్నాం. తిరిగొచ్చి నాన్నగారి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"సెప్పకుండా బోన్లో ఏసుకుని ఎల్లిపోతే మాకు తెలిసీదా బాబూ? సెప్పీసినారు. అదొకటి. ఈడు బతికినాడు. అదొకటి. కాని ఈణ్ణి మాత్రం ఎవలికీ ఇవ్వం. మా ఊరు అట్టుకెల్తాం. కుర్రోళ్ళు రాళ్ళేస్తారని బయపడి గదా ఎవలికైనా ఇద్దారనుకున్నాం. ఏస్తే నేను సూసుకుంటాను."

"అలా చెయ్యండి," అన్నారు నాన్నగారు. "బొబ్బిలి మాకు దగ్గరే. నెలకోసారి వచ్చి నేను చూస్తాను. రానిస్తారా?"

అప్పలస్వామి భార్య వంక చూశాడు. "డాక్టరుగోరు రాకపోతే ఎలాగ?" అంది ఆవిడ. ఆ మాటతో అందరికీ ఊపిరి తిరిగింది.

మోవాలో ఇప్పచెట్టు

సుఖియాది రాయపూర్ శివార్లలోని మోవా పల్లె. తాను ఆకు ఇచ్చిన బెందరా బతికిందని తెలిసి మమ్మల్నందరినీ ఇంటికి రమ్మని కొడుకును ఎడ్లబండితో పంపింది. మా బోను కూడా బండిలో వేయించారు నాన్నగారు, ఆమె కోళ్ళకు పనికొస్తుందని.

ఎండ వెచ్చగా ఉంది. వరి కోసిన మళ్ళ మధ్య మట్టి గోడల ఇల్లు. సుఖియా మా అందరికీ అంగాకర్ పెట్టింది. బియ్యప్పిండిలో అన్నం కలిపి, ఆకుల మధ్య పెట్టి, పిడకల నిప్పుల మీద కాల్చిన రొట్టె. మన దిబ్బరొట్టెకు అక్క వరస. దాంతో రోట్లో నూరిన టమాటా పచ్చడి. ఆ కారానికి నాన్నగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కులు విడ్డాయి. ఇదీ ఉబ్బసానికి మందేనని ప్రకటించి ఇంకో రొట్టె అడిగారు.

ఆయన రొట్టె మీద ధ్యానంలో ఉండగా నల్లయ్య సన్యాసమ్మ చంక దిగాడు. కోటు విదిలించుకున్నాడు. పెరటి వెనక ఇప్పచెట్టు ఎక్కేశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు అంత చెట్టు చూడలేదు. చిటారు కొమ్మదాకా వెళ్ళి ఆగాడు. సన్యాసమ్మ బతిమాలింది, అప్పలస్వామి శనగలు చూపించాడు, సుఖియా కొడుకు నిచ్చెన తెచ్చాడు. వాడు కిందకి చూడనైనా లేదు.

అప్పుడు కూశాడు. నేను కోతుల అరుపులు ఎన్నో విన్నాను. ఇది అది కాదు. "హూ" అని గుండెలోంచి మొదలై పొడుగ్గా సాగి, ఆ పొలాలన్నీ దాటిపోయే కూత. కూసి, ఆగి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. మళ్ళీ కూశాడు. మళ్ళీ విన్నాడు. ఎనిమిదేళ్ళలో ఇంట్లో ఎప్పుడూ ఇలా పిలవలేదని సన్యాసమ్మ మెల్లగా చెప్పింది. జవాబు చెప్పగలిగినవాళ్ళు ఎన్ని వందల మైళ్ళ దూరంలో, ఎంతమంది మిగిలి ఉన్నారో మాకేం తెలుసు.

మా నాన్నగారు చేతిలో రొట్టె పక్కన పెట్టి, లేచి, చెట్టు మొదట్లో నిలబడి, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, "హూ" అన్నారు.

ఉబ్బసం మనిషి కూత. సగంలో విరిగి దగ్గులో పడింది. సుఖియా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నల్లయ్య తల వంచి కిందకి చూశాడు. నాన్నగారు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. ఈసారి అప్పలస్వామి కలిపాడు, నిండు గొంతుతో, ఇంజను కూత వేసినట్టు. తర్వాత నేను, సన్యాసమ్మ, సుఖియా, ఆమె కొడుకు. మోవా జనం దొడ్లలోంచి వచ్చి చూసేసరికి, ఆరుగురు మనుషులు ఇప్పచెట్టు కింద తలలెత్తి హూ హూ అంటున్నారు. నల్లయ్య కొంతసేపు మా గానం విని, ఇక భరించలేనట్టు, కొమ్మా కొమ్మా దిగివచ్చి నాన్నగారి భుజం మీద కూర్చున్నాడు. కూర్చుని ఆయన నోరు చేత్తో మూశాడు.

నా జన్మలో అంత నవ్వు ఎప్పుడూ నవ్వలేదు. నాన్నగారు కూడా నవ్వీ నవ్వీ ఆయాసం తెచ్చుకుని, ఆ ఆయాసానికి సుఖియా నూరి ఇచ్చిన అడ్డసరం తానే తాగారు.

తిరిగి వచ్చాక

తిరుగు ప్రయాణంలో నాన్నగారు కిటికీ పక్కన కూర్చుని దక్షిణాది వైద్యుడికి ఉత్తరం చెప్పారు, నేను రాశాను. ముందు నల్లయ్య సంగతీ, వాడి కూత సంగతీ. తర్వాత, ఇకమీదట సింగిలీకపు ముక్కలు నాకు పంపవద్దు, వేటగాళ్ళను అడగవద్దు, అడిగిన తోటి వైద్యులకు కూడా ఇదే చెప్పండి, అడ్డసరం, పిప్పళ్ళతో నేను బాగానే ఉన్నాను అని. బాగానే ఉన్నాను అన్నది పూర్తిగా నిజం కాదు. చలి రాత్రుల్లో ఆయన ఇప్పటికీ కూర్చునే నిద్రపోతారు. లేహ్యం కోసం వచ్చేవాళ్ళకు ఇక లేదని చెప్పి, నల్లయ్య కథ మొదలుపెడతారు. కొందరు కోపంగా వెళ్ళిపోతారు. ఎక్కువమంది కథ అయ్యేదాకా కూర్చుని, ఆకురసం పట్టుకుని వెళతారు.

పది రోజుల కిందట దక్షిణాది నుంచి జవాబు వచ్చింది. ఇలా ఉంది: "మీరు వద్దనకపోయినా పంపడానికి నా దగ్గర ఏమీ లేదు. నేనూ నా తండ్రీ రెండు తరాలుగా ఆ మందు చేశాం. వేటగాళ్ళు తెచ్చినదే చూశాం గాని ప్రాణంతో ఉన్న సింగిలీకాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. దాని కూత ఎలా ఉంటుందో మీరు వింటిరట. వీలైతే రాయగలరు."

రోగులకు మూడు ముక్కల్లో మందు రాసే మా నాన్నగారు, నా సాయం అడగకుండా, ఆ మధ్యాహ్నమంతా కూర్చుని నాలుగు పేజీలు రాశారు. మడిచి కవరులో పెట్టబోయి, మళ్ళీ విప్పి, చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చి నాకు చదివి వినిపించారు.

"కూత రాతకు లొంగదు, తమరే వేసవిలో దయచేయండి, బొబ్బిలి పక్క పల్లెకు నేను తీసుకువెళతాను. వచ్చేటప్పుడు మీ కొండల పనసపండు ఒకటి తెండి, పుట్టినచోటి రుచి వాడికి గుర్తుందో లేదో చూద్దాం."